ఇంటి అవసరాలకు భరోసా ఉంటేనే అసలైన భద్రత

భద్రత అనే మాట వినగానే మనకు ముందు గుర్తొచ్చేది పోలీసు పికెట్టు, గల్లీ చివర సీసీ కెమెరా, సరిహద్దులో సైన్యం. ఇవి అవసరం లేదని ఎవరూ అనరు. కానీ ఒక సామాన్య కుటుంబానికి రాత్రి నిద్ర పట్టకుండా చేసేవి ఏమిటో ఒక్కసారి లెక్క వేసి చూడండి. పదో తారీఖులోగా కట్టాల్సిన కిరాయి, బడి ఫీజు, నాన్న గుండె పరీక్షలు, మూడు రోజులుగా దొరకని కూలి, గిర్విలో ఉన్న గాజులు. వీటిలో ఒక్కదాన్ని కూడా తుపాకీ పరిష్కరించలేదు.

ప్రపంచంలో చాలా దేశాలు చాలాకాలం పాటు భద్రత అంటే సరిహద్దు భద్రత అనే అనుకున్నాయి. మనిషి కడుపు, ఆరోగ్యం, చదువు, పని కూడా భద్రత కిందికే వస్తాయని గట్టిగా చెప్పిన ఆలోచనకు ‘మానవ భద్రత’ అని పేరు. అది ఎక్కడ పుట్టింది, ఎలా పనిచేస్తుంది, మన ఇళ్లకు దానితో ఏం సంబంధం అన్నది తెలుసుకోవడం అవసరం.

ఆలోచన వెనుక మనిషి

ఈ ఆలోచనను ప్రపంచం ముందు పెట్టినవారిలో ముఖ్యుడు మహబూబ్ ఉల్ హక్. 1934లో పుట్టిన ఆయన బాల్యం జమ్మూలో గడిచింది. 1947 విభజన అల్లర్లలో కుటుంబంతో సహా పాకిస్తాన్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. లాహోర్‌లోనూ, కేంబ్రిడ్జ్‌లోనూ ఆర్థికశాస్త్రం చదివి, తిరిగొచ్చి పాకిస్తాన్ ప్రణాళికా సంఘంలో చేరారు. కేంబ్రిడ్జ్‌లో ఆయనకు దొరికిన స్నేహితుడు మన అమర్త్య సేన్. రెండు దేశాల మధ్య యుద్ధాలు జరిగినా వారి స్నేహం చివరిదాకా నిలిచింది.

1960లలో పాకిస్తాన్ ఆర్థిక వ్యవస్థ వేగంగా పెరిగింది. ఆ ప్రణాళికలు రాసినవారిలో హక్ కూడా ఒకరు. కానీ 1968లో ఆయనే లేచి, దేశ పారిశ్రామిక ఆస్తిలో మూడింట రెండు వంతులు కేవలం 22 కుటుంబాల చేతిలో ఉందని బహిరంగంగా చెప్పారు. లెక్కల్లో దేశం ఎదుగుతోంది, మనుషుల జీవితాల్లో మాత్రం ఆ ఎదుగుదల కనపడటం లేదు అన్నది ఆయన బాధ.

తర్వాత ఆయన ప్రపంచ బ్యాంకులో పనిచేశారు, 1980లలో పాకిస్తాన్ ఆర్థిక మంత్రి అయ్యారు, ఆ పైన ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంలో చేరారు. 1990లో మొదటి మానవాభివృద్ధి నివేదిక ఆయన ఆధ్వర్యంలోనే వచ్చింది. ఒక దేశాన్ని దాని ఆదాయంతోనే కాకుండా ప్రజల ఆయుష్షు, చదువుతో కూడా కొలవాలని ఆ నివేదిక చెప్పింది. 1994 నివేదిక ఇంకో అడుగు ముందుకు వేసి, మనిషి భద్రతను ఏడు భాగాలుగా చూపింది. ఆర్థికం, ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం, వ్యక్తిగత రక్షణ, సముదాయ రక్షణ, రాజకీయ హక్కులు. క్లుప్తంగా చెప్పాలంటే రెండే మాటలు: లేమి నుంచి విముక్తి, భయం నుంచి విముక్తి.

ఆ నివేదిక రెండు పొరుగు దేశాలకూ మొహమాటం లేకుండా లెక్క చూపింది. భారత్ రష్యా నుంచి 20 మిగ్-29 యుద్ధ విమానాలకు ఆర్డర్ ఇచ్చిన డబ్బుతో, అప్పట్లో బడికి దూరంగా ఉన్న కోటీ యాభై లక్షల మంది ఆడపిల్లలందరికీ ప్రాథమిక విద్య అందించవచ్చని రాసింది. పాకిస్తాన్ ఫ్రాన్స్ నుంచి కొంటున్న విమానాల సొమ్ముతో, తాగునీరు లేని ఐదున్నర కోట్ల మందికి రెండేళ్లపాటు మంచినీళ్లు ఇవ్వవచ్చని రాసింది. ఆయుధాలే వద్దని దాని అర్థం కాదు. మనిషి లెక్కలోకి రాని భద్రత సగం భద్రతే అని దాని సారం.

ఒక తుఫాను నేర్పిన పాఠం

ఈ మాట నిజమో కాదో చూడటానికి హక్ సొంత దేశ చరిత్రే సరిపోతుంది. 1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని భోలా తుఫాను ముంచెత్తింది. మూడు నుంచి ఐదు లక్షల మంది చనిపోయారని అంచనా. ముందుగా సరైన హెచ్చరిక అందలేదు, తలదాచుకునే చోటు లేదు. సాయం ఆలస్యంగా, అరకొరగా వచ్చింది. బలమైన సైన్యమున్న ప్రభుత్వం తమ ప్రాణాలను పట్టించుకోలేదన్న కోపం జనంలో రగిలింది.

నెల తిరగకుండానే జరిగిన ఎన్నికల్లో తూర్పు భాగంలోని 162 సీట్లలో 160 అవామీ లీగ్ గెలుచుకుంది. అధికారం మాత్రం చేతికి రాలేదు. అణచివేత, యుద్ధం తర్వాత 1971 డిసెంబరులో దేశం రెండుగా చీలింది. దానికి తుఫాను ఒక్కటే కారణం కాదు. భాషను చిన్నచూపు చూడటం, ఆదాయంలో తేడాలు, ఓటుకు విలువ ఇవ్వకపోవడం అన్నీ కలిశాయి. కానీ అవసరాలు తీరని జనానికి గౌరవం కూడా దక్కకపోతే, ఎంత పెద్ద సైన్యమైనా దేశాన్ని నిలబెట్టలేదని ఆ ఏడాది చూపింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కొత్తగా ఏర్పడిన బంగ్లాదేశ్ పేద దేశమే. అయినా 1972 నుంచి తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టింది. ఊళ్లలో వాలంటీర్లను తయారుచేసి, మైకుల్లో హెచ్చరించి, గట్టి కాంక్రీటు షెల్టర్లు కట్టుకుంటూ వచ్చింది. మార్పు ఒక్కరోజులో రాలేదు. 1991 తుఫానులో కూడా దాదాపు లక్షా నలభై వేల మంది పోయారు. కానీ షెల్టర్లు పెరిగాక, 2007లో సిద్ర్ అనే భీకర తుఫాను వచ్చినప్పుడు మృతుల సంఖ్య సుమారు మూడున్నర వేలు. అదీ పెద్ద విషాదమే, కానీ లక్షలు వేలకు దిగాయి.

మన తీరం కథ కూడా ఇదే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది కొట్టుకుపోయారు. ఆ తర్వాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు వచ్చాయి, వాతావరణ హెచ్చరికలు మెరుగయ్యాయి, ముందే జనాన్ని తరలించడం అలవాటైంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను చీల్చి చెండాడినా ప్రాణనష్టం పదుల సంఖ్యలోనే ఆగింది. సముద్రం అదే, గాలి అదే. మారింది జనానికి ముందుగా దొరికిన హెచ్చరిక, తలదాచుకునే గది, వెళ్లడానికి దారి. ఆపద వచ్చాక పంచే సాయం కన్నా ఆపదకు ముందే ఉండే ఏర్పాటు ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

తిండి ఉన్నా ఆకలి ఎందుకు?

తుఫాను కళ్లకు కనిపించే ఆపద. ఆకలి అలా కాదు, ఇంట్లో మెల్లగా చేరుతుంది. 1943లో బెంగాల్ కరువులో 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా. అప్పటికి అమర్త్య సేన్ శాంతినికేతన్‌లో పెరుగుతున్న తొమ్మిది, పదేళ్ల పిల్లవాడు. పెద్దయ్యాక ఆ లెక్కలన్నీ తిరగేసి 1981లో ఒక పుస్తకం రాశారు.

ఆయన తేల్చింది ఏమిటంటే, ఆ ఏడు ధాన్యం మరీ దారుణంగా పడిపోలేదు. యుద్ధ ఖర్చు, దాచిపెట్టడం, వదంతులతో బియ్యం ధర ఆకాశానికి వెళ్లింది. రైతు కూలీ, జాలరి, పడవ నడిపేవాడు, చేతిపనివాడు ఆ ధరకు కొనలేకపోయారు. కలకత్తాలో ఉద్యోగులకు మాత్రం చౌక ధరకు బియ్యం అందే ఏర్పాటు ఉంది, వాళ్లు గట్టెక్కారు. బజారులో బియ్యం ఉండటం వేరు, ఆ బియ్యం మీద నాకు హక్కు ఉండటం వేరు. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి ఆ హక్కే ప్రాణాధారం.

మన రేషన్ కార్డును ఈ కోణంలో చూడాలి. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం తెచ్చినప్పుడు అది ఒక ప్రభుత్వం ఇచ్చిన మాట. 2013లో పార్లమెంటు చేసిన జాతీయ ఆహార భద్రతా చట్టంతో అది చట్టపరమైన హక్కు అయింది. గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం వరకు జనానికి మనిషికి నెలకు ఐదు కిలోలు, మరీ పేద కుటుంబాలకు కార్డుకు 35 కిలోల ధాన్యం ఇవ్వాలని చట్టం చెప్పింది. 2023 జనవరి నుంచి ఆ ధాన్యానికి డబ్బు తీసుకోవడం లేదు. ఈ చట్టం ప్రకారం కార్డులో ఇంటి యజమానిగా 18 ఏళ్లు దాటిన పెద్ద మహిళ పేరే ఉండాలి. రావాల్సిన ధాన్యం ఇవ్వకపోతే భృతి అడగవచ్చు, జిల్లా స్థాయిలో ఫిర్యాదు చేయవచ్చు. డీలర్ దయ మీద కాదు, చట్టం మీద నిలబడి అడగవచ్చు అన్నమాట.

లేమికి భయం తోడైతే

మహబూబ్ ఉల్ హక్ లేమినీ భయాన్నీ ఒకే చోట ఎందుకు పెట్టారో ముస్లిం కుటుంబాలకు వివరించి చెప్పనక్కర్లేదు. రెండూ ఒకదాన్నొకటి ఎలా పెంచుకుంటాయో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదికలో కనపడుతుంది. దేశంలో ముస్లింల సామాజిక, ఆర్థిక, విద్యా స్థితిని పరిశీలించి 2006 నవంబరులో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. 2001 జనాభా లెక్కల్లో దేశ సగటు అక్షరాస్యత సుమారు 65 శాతం ఉంటే ముస్లింలలో 59 శాతం ఉందని చూపింది. గుర్తింపు, భద్రత, సమానత్వం అనే మూడు సమస్యలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని చెప్పింది.

ఆ ముడి ఇలా ఉంటుంది. ప్రాణభయంతోనో, బయట కిరాయికి ఇల్లు దొరకకనో కుటుంబాలు ఒకే ప్రాంతంలో గుమిగూడి ఉంటాయి. అలాంటి చోట నల్లా నీళ్లు, మోరీలు, బడి, దవాఖానా తక్కువ. కొన్ని బ్యాంకులు అలాంటి ప్రాంతాలను అప్పు ఇవ్వకూడని జాబితాలో పెట్టాయని కమిటీయే రాసింది. అప్పు దొరకదు కాబట్టి చిన్న దుకాణం పెరగదు. పై తరగతుల బడి దూరంగా ఉంటుంది కాబట్టి, దారిలో ఏమవుతుందోనన్న భయంతో ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెడతారు. చదువు ఆగితే మంచి ఉద్యోగం రాదు, ఉద్యోగం లేకపోతే ఆ గల్లీ నుంచి బయటపడే దారి లేదు. భయం లేమిని తెస్తుంది, లేమి మళ్లీ భయాన్ని పెంచుతుంది.

ఈ ముడిని ఎక్కడో ఒకచోట విప్పాలి. బడి దగ్గరికి వస్తే, లేదా హాస్టల్‌తో సహా భద్రంగా ఉంటే అమ్మానాన్నల భయం తగ్గుతుంది. తెలంగాణలో 2016లో మొదట 71 మైనారిటీ గురుకులాలు తెరిచి, తర్వాత వాటిని 204కు పెంచినప్పుడు ఆడపిల్లలకు విడిగా బడులు పెట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే. తిండి, వసతి, చదువు ఒకే గేటు లోపల దొరికితే ‘అంత దూరం ఎలా పంపాలి’ అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఒక్క జబ్బు చాలు

పట్టణంలో ఆటో నడుపుతూ, ముగ్గురు పిల్లలను చదివిస్తున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నెలంతా సాఫీగా గడిస్తే వాళ్లు పేదలు కారు. ఇంటాయనకు కిడ్నీలో రాయి వచ్చిందనుకోండి. పది రోజులు ఆటో ఆగుతుంది, అంటే ఆదాయం ఆగుతుంది. ఆసుపత్రికి చేబదులు తెస్తారు, చాలక బంగారం గిర్విలో పెడతారు, ఆపైన రోజువారీ వడ్డీ ఫైనాన్స్ వాడి దగ్గరికి వెళ్తారు. వడ్డీ కట్టలేక పెద్దబ్బాయి చదువు మాని మెకానిక్ షెడ్డులో చేరతాడు. జబ్బు పది రోజుల్లో తగ్గుతుంది, దాని దెబ్బ మాత్రం తరువాతి తరం దాకా పోతుంది.

ఇదే కథలో మూడు చోట్ల అడ్డుకట్ట వేయవచ్చు. దగ్గర్లో ఉచిత వైద్యం ఉంటే రాయి చిన్నగా ఉన్నప్పుడే తెలిసేది. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల ఉద్దేశం అదే. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ కిందికి వస్తే గాజులు చేతికే ఉండేవి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచింది. ఇక ఇంట్లో నెల బియ్యం, పిల్లలకు బడిలో మధ్యాహ్న భోజనం ఉంటే కనీసం తిండి కోసం అప్పు చేయాల్సిన పని ఉండేది కాదు. ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అప్పటి నుంచి ఆ పూట భోజనం ఎంతోమంది పిల్లలు బడి మానకుండా ఆపింది.

‘ఊరికే ఇస్తే జనం సోమరులవుతారు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఈ ఆటో కుటుంబాన్నే చూడండి. నెలకు పాతిక కిలోల బియ్యం వచ్చినంత మాత్రాన ఆయన ఆటో నడపడం మానడు. కిరాయి, ఫీజు, కరెంటు బిల్లు అలాగే ఉన్నాయి. బియ్యం డబ్బు మిగిలితే అది ట్యూషన్‌కో, చీటీకో, మందులకో పోతుంది. అడుగున నేల గట్టిగా ఉంటేనే మనిషి ఎగరడానికి ప్రయత్నిస్తాడు. కింద గొయ్యి ఉందని తెలిస్తే ఉన్నచోటే నిలబడిపోతాడు.

నిలకడగా ఉండాలంటే ఏం కావాలి?

అన్ని సాయాలూ భద్రత కావు. ఎన్నికల ముందు వచ్చి, తర్వాత మాయమయ్యే సాయం ఊరటే తప్ప భరోసా కాదు. శాశ్వత భద్రతకు కొన్ని గుర్తులున్నాయి.

మొదటిది, అది హక్కుగా ఉండాలి. ఎవరినీ బతిమాలకుండా, ఎవరికీ జిందాబాద్ కొట్టకుండా దొరకాలి. రెండవది, క్రమం తప్పకుండా రావాలి. వచ్చే నెల వస్తుందో రాదో తెలియని బియ్యాన్ని నమ్ముకుని ఏ ఇల్లాలూ లెక్క వేసుకోలేదు. మూడవది, మనిషితో పాటు కదలాలి. పని కోసం ఊరు మారితే హక్కు పాత ఊళ్లోనే మిగిలిపోకూడదు.

ఈ మూడవ గుర్తు ఎంత ముఖ్యమో 2020 లాక్‌డౌన్ చూపించింది. నగరాల్లో పని ఆగిపోయిన వలస కూలీల దగ్గర రేషన్ కార్డు ఉన్నా, అది సొంత ఊళ్లో మాత్రమే పనికొచ్చేది కాబట్టి చాలామంది కాలినడకన బయలుదేరారు. అంతకు ముందే 2019 ఆగస్టులో ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో సరుకు తీసుకునే ఏర్పాటు ప్రయోగంగా మొదలైంది. మొదటి రెండు జతల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. కర్నూలు కార్డుతో హైదరాబాద్‌లో బియ్యం తెచ్చుకునే ఆ వీలు తర్వాత దేశమంతటికీ విస్తరించింది.

నాలుగవ గుర్తు గౌరవం. క్యూలో నిలబెట్టి ఫొటోలు తీసి ఇచ్చే సంచితో కడుపు నిండుతుంది, మనసు మాత్రం కుంగుతుంది. అందుకే అవసరాలు తీర్చడం ఒక్కటే చాలదు. చట్టం అందరికీ ఒకేలా వర్తించడం, పోలీస్ స్టేషన్‌లో మాట వినడం, ఓటుకు విలువ ఉండటం కూడా కావాలి. 1970లో తూర్పు పాకిస్తాన్ జనం అడిగింది తిండి ఒక్కటే కాదు. అన్నం పెట్టి నోరు మూయించడం భద్రత కాదు, స్వేచ్ఛ ఇచ్చి ఆకలితో వదిలేయడమూ భద్రత కాదు.

కుటుంబాలు చేయగలిగింది

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వాన్ని అడగాలి. అడగడానికి ముందు కాగితాలు సరిగ్గా ఉండాలి. పెళ్లయి వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు రేషన్ కార్డులో చేరాయా? ఆధార్‌లో, బడి రికార్డులో, జనన ధ్రువపత్రంలో పేరు ఒకేలా ఉందా? ఒకచోట మొహమ్మద్, మరోచోట మహమ్మద్, ఇంకోచోట పొట్టి అక్షరాల్లో ఎం.డి. అని ఉంటే స్కాలర్‌షిప్ నుంచి ఆపరేషన్ దాకా ఎక్కడైనా ఆగిపోవచ్చు. అవసరం పడ్డ రోజు మీసేవ చుట్టూ తిరగడం కన్నా, తీరిక ఉన్న రోజే సరిచేసుకోవడం మేలు.

సముదాయంలో దానధర్మాలకు, జకాత్‌కు కొదువ లేదు. రంజాన్ నెలలో సరుకుల సంచులు పంచడం మంచిదే. దానికి తోడు బస్తీలో చదువు మానేసిన పిల్లలు ఎవరు, కార్డు లేని వితంతువులు ఎవరు, షుగర్ మందులు ఆపేసిన పెద్దవాళ్లు ఎవరు అని ఒక జాబితా తయారుచేసి, ఒక్కొక్కరిని బడికి, కార్డుకు, దవాఖానాకు చేర్చితే ఆ సాయం ఏడాది పొడవునా పనిచేస్తుంది. సంచి ఒక నెలకే సరిపోతుంది. ఒక ఆడపిల్ల ఇంటర్ పూర్తిచేస్తే ఆ ఇంటికి అది ముప్పై ఏళ్ల రక్షణ.

మహబూబ్ ఉల్ హక్ 1998లో కన్నుమూశారు. 2012లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మానవ భద్రత భావనకు ఒక తీర్మానంతో ఆమోదం తెలిపింది. కాగితం మీద ఒప్పుకోవడం ఒక ఎత్తు, బడ్జెట్‌లో చూపడం మరో ఎత్తు. అందుకే భద్రత గురించి ఓటు అడగడానికి వచ్చినవాళ్లను కెమెరాలు ఎన్ని పెట్టించారని అడిగినట్టే, బస్తీ బడికి టీచర్లు ఎందరు వచ్చారు, నల్లా ఏ రోజు వస్తుంది, దవాఖానాలో మందులున్నాయా అని కూడా అడగాలి. ఈ ప్రశ్నలు కూడా భద్రత గురించినవే.